ఎండను గీసిన బొమ్మలక్క

బొమ్మలక్క పోయిన సంగతి నాకు మొదట వాళ్లింటివాళ్లు చెప్పలేదు. తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే ఏకాంబరం అనే చేపల మనిషి ఫోన్ చేశాడు.

"మేడం, మన బొమ్మలక్క లేదంట కదా. చిత్తూర్లో పోయినాదంట" అన్నాడు.

వాళ్ల ఊరి చివర గాలి ఫోన్లో హోరుమంటూ వినపడుతోంది. తర్వాత అతను గొంతు తగ్గించి, "ఆయమ్మ గీసిన గుడ్డ ఇంకా మాతావనే ఉండాది. ఇప్పుడు దాన్నేం జేయమంటారు? ఇంట్లో పెట్టుకునేదానికి మావాళ్లు ఒప్పుకోరు. పారేసేదానికి నాకు చేతులు రావు" అన్నాడు.

ఒకసారి వచ్చి చూస్తానని మాత్రం అన్నాను.

చిత్తూరులో ఆమె తమ్ముడికి పరుపుల దుకాణం ఉంది. అతనికి ఫోన్ చేస్తే, "మధ్యాన్నం రెండు ముద్దలు తినేసి మిద్దె మీద గదిలో పండుకునింది మేడం. సాయంత్రం టీకి లేపితే లేయలేదు" అన్నాడు. మళ్లీ తనే, "ఆ దినం ఎండ శానా ఉండె" అన్నాడు.

ఆమెకు చక్కటి పేరు ఉంది. నేను ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు, ఇక్కడా రాయను. మేం తిరిగిన ఊళ్లన్నిటిలో ఆమె బొమ్మలక్కే. పొట్టి మనిషి. తల మీదికి కప్పుకున్న నేత చీర కొంగు, ఆ కొంగు చివర ఎప్పుడూ బొగ్గు మసి. చుట్టిన గుడ్డలను చంకలో పెట్టుకుని బస్సెక్కితే, పక్క సీటువాళ్లు పరుపులమ్మే మనిషనుకుని బేరమాడేవాళ్లు. ఆమె కాదనేది కాదు. దూది మంచిదో కాదో ఎట్లా తెలుసుకోవాలో ఓపిగ్గా చెప్పి, తమ్ముడి దుకాణానికి దారి చెప్పేది.

దేన్ని చూసినా ఎడమ కన్ను మూసి చూసేది. చెట్టునైనా, కొండనైనా, మనిషినైనా అంతే. కొత్తవాళ్లు కన్ను కొడుతోందనుకునేవాళ్లు. పుత్తూరు బస్టాండులో ఒక కండక్టరు టికెట్లు కొడుతూ ఆమెను చూసి తడబడ్డాడు. ఆమె కన్ను తెరవకుండానే, "నిన్ను కాదప్పా, నీ ఎనకాల కొండను సూస్తా ఉండా. జరుగు" అంది. బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ చూపు నా మీద పడినప్పుడల్లా నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తూకం వేస్తున్నట్టుండేది.

నేను తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. వాతావరణం మారిపోతోందని, ఎండలు ముదురుతున్నాయని, సముద్రం పైకి వస్తోందని ఊరూరా తిరిగి చెప్పడం మా పని. పైనుంచి పోస్టర్లు వచ్చేవి. ఒకదాంట్లో కరిగిపోతున్న మంచుగడ్డ మీద తెల్ల ఎలుగుబంటి, ఇంకోదాంట్లో నోట్లో థర్మామీటరు పెట్టుకున్న భూగోళం. ఐరాల దగ్గర ఒక పల్లెలో ఆ రెండో పోస్టరు పైకెత్తి చూపిస్తుంటే, ఒక ముసలామె ముందుకు వంగి, "ఈ బంతికి జొరమా మే?" అని అడిగింది. అందరూ నవ్వారు. మేమూ నవ్వేశాం. మీటింగు అయిపోయింది.

పోస్టర్లు మరీ చిన్నవిగా ఉన్నాయి, ఎవరిచేతనైనా పెద్ద గుడ్డల మీద వేయించమని మా పెద్దసారు చెబితే నేను వెతుక్కుంటూ వెళ్లిన మనిషి ఆమె. ప్రైవేటు స్కూళ్లలో డ్రాయింగు టీచరుగా చేసి మానేసి ఉంది. ఎలుగుబంటి పోస్టరును గోడకు ఆనించి, ఎడమ కన్ను మూసి చాలాసేపు చూసింది.

"గీస్తాను. బాగానే గీస్తాను" అంది. "కానీ ఇది సస్తే ఐరాలోళ్లు ఏడుస్తారా పాపా?"

"మరేం గీస్తే ఏడుస్తారక్కా?"

"ఏడిపించేదానికి కాదులే. సూసేదానికి. తలకాయ పక్కకు తిప్పుకోకుండా సూసేదానికి ఏం గీయాల్నో అది కనుక్కోవాల."

అట్లా మొదలైంది. నేను రిపోర్టులు తెలుగులోకి మార్చి చదివి వినిపించేదాన్ని. ఆమె చేత్తో ఆపేది. "ఉష్ణోగ్రత పెరుగుతుంది" అంటే ఆ మాట ఆమెకు పనికొచ్చేది కాదు. "పెరిగితే? ఆ పొద్దులో ఎవరుంటారు ఆడ? నిలబడి ఉంటారా, కూసోని ఉంటారా? సేతిలో ఏముంటాది?" అని అడిగేది. రిపోర్టులో అది ఉండదక్కా అంటే, "అయితే పోయి సూద్దాం, లే" అని చెప్పులేసుకునేది. ఒక్కోసారి పొరబడేది కూడా. కరువును గీయమంటే బీటలు వారిన నేల గీసి, మా దగ్గర ఇప్పుడు నేల బీటలు వారదు, బోరు ఎండిపోయినా పైన గడ్డి పచ్చగానే కనపడతాదని రైతులు చెబితే, సిగ్గుపడి ఆ గుడ్డను మడిచి చంకలో దాచేసింది.

ఆమె బొమ్మల్లో ఆ ఊరి మనుషులే ఉండేవాళ్లు. అదే ఆమె పట్టిన దారి. పొద్దున్నే ఊళ్లో దిగి, అరుగుల మీద కూర్చుని, మాటలు పెట్టుకుంటూ బొగ్గుతో మొహాలు గీసుకునేది. సాయంత్రానికి ఆ మొహాలన్నీ పెద్ద గుడ్డ మీదికి చేరేవి. గుడ్డను గోడకు కట్టగానే జనం తోసుకుంటూ వచ్చేవాళ్లు, వాతావరణం కోసం కాదు, తాము ఎక్కడున్నామో వెతుక్కోవడానికి. వెతుక్కున్నాక, తాము ఏ స్థితిలో ఉన్నామో కనపడేది. అప్పుడు నిశ్శబ్దం వచ్చేది. పోస్టర్లు చూపించిన రోజుల్లో అది ఎప్పుడూ రాలేదు.

తడ దగ్గర ఏకాంబరం వాళ్ల ఊళ్లో సముద్రం పైకి రావడం గీస్తానని కూర్చుంది. పెద్ద అల ఒకటి ఊరి మీదికి వస్తున్నట్టు గీయబోతే ఏకాంబరం ఆపాడు.

"అట్ల రాదక్కా. అల వస్తే పోతాది. మాకు ముందొచ్చేది ఉప్పు. చేతిపంపులో ఉప్పు తగలతాది, ఆమేల ములగచెట్టు ఎండతాది, ఆమేల గోడ అడుగున తెల్లగా పూస్తాది. నీళ్లు అన్నిటికన్నా ఎనకాల వస్తాయి."

ఆమె అలను చెరిపేసింది. "ఇంకా చెప్పు" అంది. ఇంకో ఇద్దరు ముగ్గురు మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. నీళ్లు ఏ వైపు నుంచి తిరిగి వస్తాయి, ఏ ఇల్లు మొదట ఖాళీ అవుతుంది, ఎవరు ఎటు పోతారు అని వాదించుకున్నారు. పందెం కడుతున్నంత హుషారుగా చెప్పారు. ఆమె గీస్తూ పోయింది. చివరికి గుడ్డ మీద ఊరంతా వలలు, కోళ్లు, మంచాలు మోసుకుంటూ రోడ్డు వైపు నడుస్తోంది. ప్రతి మనిషికీ మొహం ఉంది. ఎనకాల ఇళ్ల గోడలు నడుము దాకా తెల్లగా ఉన్నాయి.

గుడ్డ కట్టాక హుషారంతా పోయింది. తమ నోటితో చెప్పిందే ఎదురుగా కనపడింది. ఏకాంబరం తల్లి కర్ర పట్టుకుని దగ్గరకు వచ్చి, నడిచేవాళ్లలో తన మొహం చూసుకుంది.

"నేను పోను" అంది. "నన్ను ఈడనే పెట్టు. నా వాకిట్లో."

బొమ్మలక్క ఆమెను నడిచేవాళ్లలోంచి చెరిపి, ఖాళీ ఇంటి గడప మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. ముసలామె తృప్తిగా తలాడించింది. ఏకాంబరం లేచి బయటికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మళ్లీ వెళితే, ఆ గుడ్డ వలలు పెట్టుకునే కొట్టంలో వేలాడుతోంది, బొమ్మ గోడవైపుకు తిప్పి. "ఎదురుగా ఉంటే వల తీసేదానికి బుద్ధి పుట్టదక్కా" అన్నాడు ఏకాంబరం. బొమ్మలక్క దానికి నొచ్చుకోలేదు. "తిప్పినారంటే సూసినారనే గదా" అంది బస్సులో. కాసేపాగి, "రేపు పొద్దున్నే సేపలకు పోవాల్సిన మనిషికి నేనేమిచ్చినట్టు పాపా? భయమే గదా" అంది.

ఆ తర్వాతి వేసవికి ముందు ఐరాల వైపు మామిడితోటల పల్లెకు వెళ్లాం. ఎండదెబ్బ గురించి చెప్పాలి. కాయలు కోసే కాలంలో ఆడవాళ్లు మిట్టమధ్యాహ్నం కూడా తోటలోనే ఉంటారు. కోసిన తోతాపురి కాయలు క్రేట్లకెత్తి లారీ దగ్గరికి మోస్తారు. ఎండను ఎట్లా గీస్తావక్కా అని నేనే అడిగాను. సూర్యుణ్ని గీయడం ఆమెకు గిట్టదు. "సూర్యుడు బొమ్మలో నవ్వతా ఉంటాడు, ఎంత గీసినా" అనేది.

ఆమె ఎండను గీయలేదు. నీడను గీసింది. ఒకే తోటను వరసగా కొన్ని గుడ్డల మీద వేసింది. మొదటిదాంట్లో చెట్ల కింద నీడ చాపలు పరిచినట్టుంది, అందులో ఆడవాళ్లు. పోనుపోను నీడ చిన్నదవుతుంది. ఆకులు వేలాడిపోతాయి. రంగు తగ్గుతూ పోయి ఉత్త గుడ్డ బయటపడుతుంది. చివరిదాంట్లో ఎవరి నీడ వాళ్ల కాళ్ల కిందికి నల్లటి చుక్కలా వచ్చేసి ఉంటుంది, మిగతాదంతా తెలుపు. ఆ తెలుపులో ఒకామె పడుకుని ఉండాలి. అది ఎవరని అడిగింది బొమ్మలక్క.

"నన్ను గీయక్కా" అంది రెడ్డెమ్మ.

రెడ్డెమ్మ ఆ ఊళ్లో అందరినీ నవ్వించే మనిషి. కాయలు కోస్తూ పాటలు కట్టేది, గుత్తకు తీసుకున్న తోటాయన నడకను అనుకరించేది. "నేనైతే సినిమాలో సచ్చినట్టు పండుకుంటా సూడు" అని వాకిట్లోనే వెల్లకిలా పడుకుని, నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టింది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. అత్త మునెమ్మ మాత్రం, "లెయ్ మే, పొద్దుగూకే పొద్దులో అదేం పండుకోవడం" అని కసిరింది. బొమ్మలక్క ఎడమ కన్ను మూసి చూస్తూ గీసుకుంది. నాలుక మాత్రం గీయలేదు.

మర్నాడు సాయంత్రం గుడ్డలు ఒక్కొక్కటే విప్పుతుంటే నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. చివరి గుడ్డ విప్పాక రెడ్డెమ్మే ముందుగా మాట్లాడింది. "ఏమక్కా, నిజంగా సచ్చినట్టే గీసేసినావే" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కాయల కాలం సగంలో ఉండగా రెడ్డెమ్మ తోటలో పడిపోయింది. క్రేటు దించి నడుం పట్టుకుని నిలబడిందట, నీళ్లు అడిగిందట. తెచ్చేలోపల కిందికి వాలింది. ఆటోలో ఎక్కించారు. చిత్తూరు చేరకముందే ప్రాణం పోయింది.

నేను ఫోన్లో బొమ్మలక్కకు చెప్పాను. "సెయ్యి ఎట్ల పెట్టుకోనుండె?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలిసినా చెప్పేదాన్ని కాదు.

ఊళ్లో అందరూ ఒకటే మాట అంటున్నారని, అటు రావద్దని ఆ పల్లె నుంచి కబురు వచ్చింది. మా పెద్దసారు కూడా వద్దన్నాడు. ఆమె వినలేదు. ఆ గుడ్డను చుట్టి చంకలో పెట్టుకుని బస్టాండుకు వచ్చేసింది. అదెందుకక్కా అంటే, "వాళ్లది గదా. మనతావ ఎందుకు?" అంది.

వాకిట్లో అడుగు పెట్టగానే మునెమ్మ లేచి మట్టి ఎత్తి కొట్టింది. "గీసినావు గదే, గీసి తీసకపోయినావు గదే నా కోడల్ని! బంగారట్టా మనిషిని పండబెట్టి గీసినావు గదే!" అని అరిచింది. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ కొంగులు మొహాల మీదికి లాక్కోవడం చూశాను. అది ఎండ వల్ల పెద్దమ్మా అని నేను మొదలుపెట్టబోతే బొమ్మలక్క నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. మట్టి ఆమె కొంగు మీద, కనుబొమల మీద అట్లాగే ఉంది. దులుపుకోలేదు.

రెడ్డెమ్మ భర్త సుబ్రమణ్యం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చాలాసేపటికి తలెత్తాడు.

"తెచ్చినావా?" అని అడిగాడు.

ఆమె గుడ్డను చూపించింది. చించేస్తాడో, కాలబెడతాడో అనుకున్నాను. అతను దాన్ని అరుగు మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు.

"లేపక్కా" అన్నాడు.

మాకు అర్థం కాలేదు.

"దీన్ని లేపు. లేపి కూసోబెట్టు. కార్డులో ఉండే ఫోటో తప్పితే నాకు దాని మొహం ఇంకోటి లేదు. ఇదొక్కటే దాని మాదిరి ఉండాది. కానీ పండుకోని ఉండాదే, ఎట్ల సూసేది?"

బొమ్మలక్క అక్కడే కూర్చుని సంచిలోంచి రంగులు తీసి కలిపింది. పడుకున్న మనిషి మీద తెల్లరంగు పూసి, ఆరకముందే పక్కన కూర్చున్న మనిషిని గీయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి మునెమ్మ ఏడుపు ఆపి వచ్చి ఎనకాల నిలబడింది. "కొంగు అట్ల ఇడిసేది కాదు, నడుముకు దోపుకునేది" అంది. ఇంకాసేపటికి, "ముక్కుపుడక ఎడమపక్క" అంది. ఎవరో ఒకామె చేతిలో నీళ్లచెంబు పెట్టమంది. బొమ్మలక్క చెంబు పెట్టింది.

అయ్యాక అందరం చూశాం. రెడ్డెమ్మ చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది, చేతిలో చెంబు. కానీ తెల్లరంగు ఆరేకొద్దీ కింద బొగ్గుగీతలు పైకి తేలాయి. బొమ్మలక్క మళ్లీ పూసింది. మళ్లీ తేలాయి. నుదుటి మీద అడ్డం పెట్టుకున్న చెయ్యి అన్నిటికన్నా ముందు కనపడింది.

సుబ్రమణ్యం దాన్ని చూస్తూ, "లేసినట్టే ఉండాది గానీ, కింద ఇంకా పండుకోనే ఉండాది గదక్కా" అన్నాడు.

అతను గుడ్డను జాగ్రత్తగా చుట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

ఆ ఏటి నుంచి ఆ ఊరి ఆడవాళ్లు ఎండెక్కితే తోటలో ఉండడం లేదు. తెల్లారకముందే పోయి, నీడ చిన్నదవుతుండగానే క్రేట్లు వదిలేసి వచ్చేస్తున్నారు. తోటాయన కేకలేశాడు, వేరే ఊరి కూలోళ్లను తెస్తానన్నాడు. వాళ్లూ రెడ్డెమ్మ సంగతి విని రాలేదు. కాయలు చెట్టు మీద ఆగవు కాబట్టి చివరికి అతనే దిగివచ్చాడు. మా సంస్థ దాన్ని గొప్పగా రాసుకుంది. బొమ్మలతో ఒక ఊరు మారిందని పెద్దసారు మీటింగుల్లో చెప్పాడు. నేను ఆ సంగతి బొమ్మలక్కకు సంతోషంగానే చెప్పాను.

"నా బొమ్మను సూసి మానలేదు పాపా" అంది. "ఆయమ్మను సూసి మానినారు."

తర్వాత ఆమె మొహాలు గీయడం మానేసింది. పల్లెల్లో మనుషులను గీసేది, కానీ అందరూ వీపులు తిప్పుకునో, తలగుడ్డలు కళ్ల మీదికి దించుకునో ఉండేవాళ్లు. తమ ఊరు అక్కడ ఉంది గానీ తామెవరూ అందులో లేకపోయేసరికి జనం ఒకసారి చూసి వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ మొహాలు గీయమని నేను పెద్దసారు తరఫున అడిగాను.

"అట్లాంటివన్నీ నేను నమ్మను పాపా" అంది తన చేతిని ముందుకు చాపి చూస్తూ. "కానీ నా సెయ్యి నమ్మతా ఉండాది. దానికెవరు సెప్పేది?"

నమాజు తప్పని వాళ్ల తమ్ముడు, మనిషి మొహాలు గీయడం మంచిది కాదని మొదటినుంచీ నసిగేవాడు. రెడ్డెమ్మ పోయాక ఒక్క మాటా అనలేదు. ముందటిలాగే దుకాణంలో మిగిలిన గుడ్డ కత్తిరించి మెట్ల మీద పెట్టి పోయేవాడు. "వాడు తిట్టుంటే బాగుండు" అనేది ఆమె. కొత్త ఊళ్లలో కూడా ఆమె గీస్తే మనిషి పోతాడన్న కబురు మాకన్నా ముందే చేరేది. ఆమె కన్ను మూసిందంటే తల్లులు పిల్లలను ఎనక్కి లాక్కునేవాళ్లు. దాంతో కన్ను మూయడమే మానేసింది. రెండు కళ్లతో, ఎవరినీ చూడకుండా, నేలను చూస్తూ మాట్లాడేది. కొన్నాళ్లకు సంస్థ ఆ పని ఆపేసింది, నేను వేరే ఉద్యోగంలోకి మారాను.

కిందటి ఎండాకాలం ఆమెను చూడడానికి చిత్తూరు వెళ్లాను. అదే చివరిసారి. దుకాణం మీద రేకుల గదిలో, కొత్త గుడ్డ ఒకటి గోడకు బిగించి ఉంది. మామిడితోట. ఇంతకు ముందు గీసినదానికన్నా పెద్దది.

"మంచిపని చేసినావు వచ్చి" అంది. "ఆ స్టూలు మీద కూసో. నీ మొహం గీస్తా."

"ఇన్నాళ్లకు మళ్లీనా అక్కా?"

"భయం పోయిందేమో సూసుకుంటా. వేరేవాళ్లను ఎట్ల అడిగేది? నువ్వైతే కూసుంటావు."

కూర్చున్నాను. ఆమె చెట్లు గీసింది, గట్టు గీసింది, గట్టు మీద నీళ్లబిందె గీసింది. నీడలు ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ వచ్చింది. చెమట మోచేతుల మీదుగా కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ గీసింది. తర్వాత నా వైపు తిరిగి, ఎన్నో ఏళ్ల తర్వాత, ఎడమ కన్ను మూసింది. నేను కదలకుండా ఉన్నాను. బొగ్గు గుడ్డకు ఆనింది. చుబుకం గీత ఒకటి పడింది. అక్కడ ఆగింది.

చెయ్యి అట్లాగే గుడ్డ మీద ఉంది. పైన రేకులు చిటపటమంటున్నాయి.

"ఈపొద్దు వద్దులే పాపా" అంది. "ఎండ తగ్గనీ. సల్లబడినాక గీస్తా."

ఇద్దరం బయటికి వచ్చి మిద్దె మీద గోడ పక్కన కూర్చున్నాం. ఆమె తమ్ముడు టీ పంపించాడు. తాగాం. పొద్దు కొండల ఎనక్కి పోయింది, కింద వీధిలో దీపాలు వెలిగాయి, మసీదు మైకులో పిలుపు అయిపోయింది. ఆమె ఎనక్కి చెయ్యి పెట్టి గోడను తడిమి చూసింది. ఇంకా కాలుతూనే ఉంది.

"ఇంకాసేపు సూద్దాం" అంది.